కార్డు తీసి ఇచ్చిన బొకే

మా సంఘంలో యువజనులు ఏడాదికోసారి తెచ్చే చిన్న పత్రిక కోసం, పెద్దలు తమ ఉద్యోగంలో ప్రభువు చేసిన ఒక మేలు గురించి రాయాలని అడిగారు. రైల్వేలో చేసినవాళ్ళకి రాయడానికి చాలా ఉంటుంది. తప్పిన ప్రమాదాలు, అనుకోని ప్రమోషన్లు. నేను రైల్వే మనిషిని కాను. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు గాని నాకు ఆ ఉద్యోగం రాలేదు. మా రైల్వే ఊళ్ళోని ఖరిదా బజారులో ఒక పూల దుకాణంలో ఇరవై ఆరేళ్ళు బొకేలకి పూలు సిద్ధం చేసి, వాటిని ఇళ్ళకి చేరవేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. మేలు రాయమన్నారు గాని, కలం పట్టుకుంటే నాకు గుర్తొచ్చేది ఒక్క రోజే. అది మేలు కాదు. అచ్చు వేయాలో వద్దో మీరే చూసుకోండి.

పూలు పొద్దున్నే మొదటి లోకల్ రైల్లో కోలాఘాట్ నుంచి వచ్చేవి. గోనెపట్టా విప్పి, గులాబీల ముళ్ళు గీకి, కాడలు ఏటవాలుగా కోసి, బకెట్ నీళ్ళలో మెడదాకా ముంచడం నా పని. దుకాణం యజమాని బెంగాలీ. ఆయన్ని దాదా అనేవాళ్ళం. బొకేలు కట్టేది పక్కపేట ఇందా నుంచి సైకిల్ మీద వచ్చే ఒక బెంగాలీ ఆవిడ. నాకంటే పదేళ్ళు చిన్నదైనా అందరికీ దీదీయే. తెలుగువాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మసలి మన మాట బాగానే పట్టేసింది. నేను సంఘపెద్దనని తెలిసినప్పటి నుంచి నన్ను 'పాస్టర్ దాదా' అనేది.

"పాస్టర్ దాదా, గులాబీలకి బాప్తిస్మం అయిపోయినాదా? అయితే ఇలా పంపు, నేను పెళ్ళి చేసేస్తాను" అంటూ దారం తీసేది.

నేను నవ్వేవాణ్ణి కాను. పవిత్రమైన మాటతో వేళాకోళమేమిటని మొహం ముడుచుకునేవాణ్ణి. అలా ముడుచుకోవడం కూడా భక్తిలో భాగమే అనుకునే రోజులవి.

మొదట్లో మా ఊరికి బొకే అంటే తెలీదు. దేవుడికి దండ, చనిపోయినవాళ్ళకి పూలచక్రం, పెళ్ళికి మండపం, అంతే. ఫోన్లు వచ్చాక, వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇక్కడున్న తమవాళ్ళకి పూలు పంపడం మొదలుపెట్టారు. దాదా పెట్టిన నియమం ఒకటుంది. బొకే అందుకున్న మనిషిని ఫోటో తీసి, పంపినవాళ్ళకి ఫోన్‌లో పంపాలి. ఫోటో వెళ్తేగాని ఆర్డరు పూర్తయినట్టు కాదు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఒక ముసలావిడ నా చేతిలోంచి బొకే లాక్కుని, చుట్టిన కాగితం అక్కడికక్కడే చింపేసి, "ఈ పొట్లం ఏటి నాయనా, ఉల్లిపాయలు కట్టినట్టు! ఉండు" అని పూలు తలలో తురుముకుని, "ఇప్పుడు తియ్యి ఫోటో" అంది. ఇలాంటివి చాలా ఉన్నాయి. అవి రాయవలసింది, అవే రాసి ఊరుకోవలసింది.

పంపినవాళ్ళ మాటని చిన్న కార్డు మీద రాసి పూల మధ్య గుచ్చేవాళ్ళం. తెలుగు కార్డులు రాసేది నేనే. నా చేతిరాత బాగుంటుంది. సంఘం ఉత్తరాలు కూడా అందుకే నాకు అప్పజెప్పేవారు.

ఇక అసలు మనిషి సంగతి. మన సంఘంలో ఒకాయన ఉండేవాడు. వర్క్‌షాపులో లేతు మిషన్ మీద టర్నరు. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. కూతురు బడిలో ఉండగానే భార్య పోయింది. ఆ పిల్ల సాయంత్రం సైరన్ ఊదే వేళకి వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడి, నాన్న రాగానే సైకిల్ హ్యాండిల్ తను పట్టుకుని ఇంటిదాకా నడిపించుకుపోయేది. న్యూ సెటిల్‌మెంట్ అంతా చూసిన దృశ్యమే అది. తర్వాత నర్సింగ్ చదివి, టాటానగర్‌లో ఉద్యోగం తెచ్చుకుని, అక్కడే మన విశ్వాసం కాని కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుంది.

సంఘపెద్దలం కూర్చున్నాం. ఆ కూటంలో అందరికంటే గట్టిగా మాట్లాడింది నేను. నాకు వాక్యం బాగా తెలుసు, ఏ ప్రశ్నకైనా నాలుక చివర జవాబు ఉండేది. ఆమె పేరు సంఘం జాబితాలోంచి తీసేస్తున్నామనీ, పశ్చాత్తాపంతో తిరిగి వచ్చేవరకు సభ్యులెవరూ ఆమెతో సహవాసం చేయకూడదనీ ఉత్తరం రాశాను. తండ్రిని పిలిచి చదివి వినిపించాను. ఆమెతో మాటలు సాగిస్తే ఆయన కూడా ప్రభు బల్లకు దూరం కావలసి ఉంటుందని చెప్పాను.

"మీరు సదువుకున్నోలన్నా. సంఘం ఏటంటే నాకూ అదే" అన్నాడు. లేచి వెళ్ళి డోలక్ తాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టాడు. అవి అంతకుముందే బిగువుగా ఉన్నాయి.

నాలుగేళ్ళు కూతురి పేరు ఎత్తలేదు. దాన్ని నేను విశ్వాస విజయం అనుకున్నాను. ఒక ఆదివారం ప్రసంగంలో విధేయతకు ఉదాహరణగా ఆయన్నే చూపించాను, ఆయన ఎదురుగా కూర్చుని వింటుండగా. ఆయన తల వంచుకున్నాడు. అది వినయమనుకున్నాను.

దుకాణానికి నెలాఖరు పెద్ద రోజు. రైల్వేలో ఆ నెల రిటైరయ్యేవాళ్ళందరికీ వీడ్కోలు ఆ రోజే. దండలు, బొకేలు పొద్దుటి నుంచే కట్టేవాళ్ళం. ఆయన రిటైరయ్యే రోజు ఉదయం దాదా తన ఫోన్ నా ముందు పెట్టాడు. టాటానగర్ నుంచి ఆయన కూతురి ఆర్డరు. పన్నెండు ఎర్ర గులాబీలు, వర్క్‌షాపులో అందజేయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పంపి, మా నాన్న తెలుగే చదవగలడు, తెలుగు వచ్చినవాళ్ళుంటే కార్డు మీద తెలుగులో రాయండి అని కోరింది. ఫోన్‌లో దొరికిన నెంబరుకి పంపిందంతే, అది నేను పనిచేసే దుకాణమని ఆమెకు తెలియదు. కార్డు మీద నేను రాసింది ఇది:

"నాన్నా, ఈరోజు నీ ఆఖరి సైరన్ గదా. గేటు కాడ సైకిల్ పట్టుకోడానికి నేను లేను. నువ్వు రమ్మంటే రేపే వచ్చేస్తాను. ఫోన్ చెయ్యడం నీకు కష్టమైతే వద్దు. దుకాణం వాళ్ళు ఫోటో పంపుతారంట. అందులో ఈ పూలు నీ చేతిలో కనిపిస్తే చాలు, నువ్వు పిలిచినట్టే అనుకుంటాను."

దీదీ అడిగితే చదివి అర్థం చెప్పాను. ఆమె కట్టడం ఆపి, గులాబీల్లో రెండు తీసేసి, బకెట్‌లోంచి వాటికంటే మంచివి వెతికి పెట్టింది. కాడలకి తడిపత్తి తనే చుట్టింది.

"ఇందులో ఒక్క రేకు రాలినా నీ సంగతి చూస్తాను, పాస్టర్ దాదా" అంది.

స్కూటీ మీద బయల్దేరాను. దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి, చాలా పొడుగైనది. ఇంజను ఆపి నిలబడ్డాను. ముందు తగిలించిన సంచీలోంచి ఆ కార్డు పైకి కనిపిస్తోంది.

వీడ్కోలుకి పాస్టరుగారు, సంఘ సహోదరులు వస్తారు. అందరి మధ్య ఆ తండ్రి ఇది చదివితే నిలబడలేడు. నాలుగేళ్ళ విధేయత ఒక్క గంటలో కరిగిపోతుంది. రేపు కూతురు వస్తుంది, ఎల్లుండి పెద్దలం మళ్ళీ కూర్చోవాలి, ఈసారి ఉత్తరం ఆయన పేరు మీద నేనే రాయాలి. ఆయన్ని ఆ శోధన నుంచి తప్పించడం నా బాధ్యత కాదా? గూడ్సు బండి దాటేలోపల నాకు వాక్యాధారం కూడా దొరికింది. వాక్యం కంఠతా వచ్చినవాడికి ఉన్న ప్రమాదం అదే, పిల్లలూ. దేనికైనా ఆధారం దొరుకుతుంది.

కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. గేటు లేచింది.

నెలాఖరున వీడ్కోలుకి ఇంటివాళ్ళని, మాలాంటివాళ్ళని గేటు పాస్ రాసి లోపలికి పంపేవారు. నేను వెళ్ళేసరికి ఆయన వర్క్‌షాపులో, తన లేతు పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. మెడలో గడ్డందాకా బంతిపూల దండలు. నన్ను చూసి లేచాడు.

"రా అన్నా! నువ్వే తెచ్చినావేటి? ఎవులు పంపినారు?"

"నీ మీద ప్రేమ ఉన్నోళ్ళు" అన్నాను. అబద్ధం కాకుండా ఉండేలా మాట వెతుక్కుని అన్నాను.

పక్కనున్న కుర్రకారులో ఒకడు అందుకున్నాడు. "ఏటి గురువా, రిటైరయ్యే రోజున ఎర్ర గులాబీలా! ఒంటిగాడివని తెలిసి ఎవతో కన్నేసినాది!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే బొకేని చేతిలో ఒకసారి తిప్పాడు. కాగితం మడతలు చూశాడు. రెండోసారి తిప్పి, వేలితో పూలు పక్కకి జరిపి లోపలికి చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"సీటీ ఏటీ లేదేటన్నా?"

"లేదు."

ఇంతవరకూ నా మాటల్లో మెలిక ఉందేమో గాని, ఇది మాత్రం నిఖార్సయిన అబద్ధం. సంఘపెద్దనై, పదిమందికి సత్యం బోధించేవాణ్ణై, జేబులో కార్డు గుండెకి గుచ్చుకుంటుండగా చెప్పాను.

"యూనియనోలు అయ్యుంటారులే" అన్నాడాయన, తనకి తనే చెప్పుకున్నట్టు.

ఆ వెంటనే పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఫోర్‌మన్ రెండు మాటలు మాట్లాడాడు. సైరన్ ఊదింది. ఆఖరి రోజున మనిషి తన మిషన్‌కి పూలు పెట్టి సెలవు తీసుకోవడం అక్కడ ఆనవాయితీ. మనవాళ్ళు మిషన్‌కి దండ వేయకూడదని నేను చాలాసార్లు చెప్పి ఉన్నాను. ఆయన గుడ్డపీలికతో లేతు శుభ్రంగా తుడిచాడు. చేతిలోని గులాబీలు దాని మీద పెట్టాడు.

"దండం పెట్టడం లేదన్నా, బయపడకు. ఇన్నేళ్ళు నా యేలు తెగకుండా సూసినాది. థాంక్స్ సెప్తన్నాను, అంతే. ఈ పూలు ఎవులియో ఏటో, దీనికే ఉండనీ."

దండల బరువుతో మెల్లగా తలుపు వైపు నడిచాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. "ఫోటో కొయి, ఫోటో ఏదీ?" అని దాదా. అప్పటిదాకా తీయలేదు. ఒక్కసారి ఆగు తమ్ముడూ, ఈ పూలు పట్టుకో అని పిలిస్తే ఆగేవాడే. పది అడుగుల దూరం. పిలవలేదు. నిలబడ్డచోటి నుంచే తీశాను. ముందు లేతు మీద పన్నెండు గులాబీలు, వెనక ఆయన వీపు. ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను కదా అనుకున్నాను. దానికి ఏమని అర్థం చెప్పుకోవాలో ఆమె ముందే రాసి ఇచ్చింది. అది నేను నా చేత్తో రాసినదే.

గేటు బయట జీపు, తప్పెటలు. ఆయన జీపెక్కకుండా కాసేపు అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. "ఎక్కు బాబాయ్, టైమవుతోంది" అని ఎవరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. పని వదల్లేక అలా నిలబడ్డాడనుకున్నాను. ఎంత సులువుగా అనుకున్నానో.

టాటానగర్ నుంచి దాదా ఫోన్‌కి జవాబు వచ్చింది. "అందింది. థాంక్స్." ఆర్డరు పూర్తయింది.

మర్నాడు దీదీ అడిగింది. "ఆ నాన్న ఏటన్నాడు? కూతురు వస్తందా?"

ఆమెతో అబద్ధం ఆడలేదు. నేను చేసింది ఎందుకు మంచిదో వివరించి చెప్పాను కూడా. ఆమె దారం కింద పెట్టి విన్నది.

"దాదా, మా ఠాకూర్ దేవుడికి కూడా నేను ఎవరి పువ్వో తీసి నాది అని పెట్టను. వాళ్ళ మాట నీ జేబులోకి ఎలా వచ్చింది?"

జవాబుగా మూడు వాక్యాలు నోటిదాకా వచ్చాయి. ఆమె వినడానికి నిలబడలేదు. మిగిలిన కాలమంతా ఆమె నన్ను పాస్టర్ దాదా అనలేదు. పని ఉంటే 'శునున్', అంటే వినండి, అనేది, పరాయివాళ్ళని పిలిచినట్టు. గులాబీలు అడగకుండా తనే తీసుకుపోయేది.

రిటైరయ్యాక ఆయన క్వార్టర్ ఖాళీ చేసి ఖరిదాలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వెళ్ళేదాకా డోలక్‌కి గుడ్డ చుడుతూ కూర్చుని, నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మీ షాపుకి టాటా నుంచి ఆర్డర్లు వస్తాయేటి?"

"వస్తుంటాయి."

"ఇక్కడి నుంచి అక్కడికి పూలు పంపడం అవుతాదేటి?"

"ఎవరికి తమ్ముడూ?" అన్నాను. ఎవరికో తెలిసే అడిగాను.

ఆయన గోడ వైపు చూశాడు. "దాని అడ్రస్ నాకాడ లేదు. ఫోన్ నెంబరూ మార్చేసినాది. మీకాడ ఏటైనా ఉంటాదేమోనని... సంఘానికి తెలిస్తే తప్పేటోలే. ఊరికే అడిగినాను."

ఆ నెంబరు దుకాణం ఫోన్‌లో ఉంది. కార్డు ఆనాటి నుంచీ నా పరిశుద్ధ గ్రంథంలో, పేజీల మధ్య ఉంది. ఆ గ్రంథం అప్పుడు నా చంకలోనే ఉంది. నేనన్న మాట ఇది: "ప్రార్థన చేద్దాం తమ్ముడూ." ఆయన వెంటనే కళ్ళు మూసుకున్నాడు. నేను ప్రార్థన చేశాను. ఇంతమందిని ఇన్నేళ్ళు ప్రార్థనలో నడిపించాను గాని, ఆ ప్రార్థన పైకప్పు దాటలేదని ఆ రోజే తెలిసింది. తెలిసి కూడా ఆమెన్ అన్నాను.

చలికాలం మొదట్లో ఒక ఉదయం ఆయన గది తలుపు తీయలేదని ఇంటివాళ్ళు కబురు పంపారు. నిద్రలోనే గుండె ఆగింది.

అప్పుడు పరుగెత్తాను దుకాణానికి. పాత ఆర్డర్లలో నెంబరు వెతికి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. నాన్న పోయాడని చెప్పాను.

"సాయంత్రం దాకా ఉంచుతాం, వచ్చెయ్యమ్మా" అన్నాను.

"చెప్పినందుకు థాంక్స్ మావయ్యా. నేను రాను. నేనిచ్చిన పూలే ఆయన ఇంటికి పట్టుకెళ్ళలేదు. బతికుండగా ఆయనకి ఇష్టం లేని పని, పోయినాక ఎలా చేస్తాను?"

కార్డు సంగతి చెప్పవలసి ఉంది. ఫోన్‌లో ఎలా చెప్పను, ఎదురుగా చెప్పాలి అనుకున్నాను. అది కూడా పిరికితనానికి వేసిన ముసుగే. అప్పుడే చెప్పి ఉంటే మధ్యాహ్నం బండికి బయల్దేరి సమాధి వేళకి చేరేది. చెప్పలేదు. కూతురు లేకుండానే మట్టి వేశాం. ఆయన నాలుగేళ్ళకి పైగా వినని కూతురి గొంతు ఆ రోజు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

వారం తర్వాత కార్డు తీసుకుని టాటానగర్ వెళ్ళాను. వెళ్ళేముందే పాస్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను. ఆ తర్వాత సంఘం ముందు చెప్పి పెద్దరికం వదులుకోవడం, ఆమె మీద రాసిన ఉత్తరం సంఘం రద్దు చేయడం, ఆ సంగతి తెలిపినా ఆమె నుంచి జవాబు రాకపోవడం, ఇవన్నీ మీ ఇళ్ళలో మాట్లాడుకున్నవే. ఆ ఇంట్లో జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండు గదుల ఇల్లు. భర్త డ్యూటీకి వెళ్ళాడు. టీ పెట్టి ఇచ్చింది. నేను కార్డు బల్ల మీద పెట్టి, రైలు గేటు దగ్గర నుంచి ప్రార్థన దాకా అన్నీ చెప్పాను. వరసగా, ఏదీ దాచకుండా. ఆమె కార్డు చేతిలోకి తీసుకుంది.

"మీ రాతే. నన్ను వెలేసిన ఉత్తరం కూడా ఈ రాతే గదా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కార్డు పట్టుకునే అడిగింది. "పూలు పట్టుకున్నప్పుడు, ఎవరు పంపినారో అని చూసినాడా నాన్న?"

"చూసినాడమ్మా."

"ఎలా?"

"రెండుసార్లు తిప్పినాడు. పూలు జరిపి లోపల చూసినాడు. చీటీ లేదేటి అని అడిగినాడు."

టీ మీద మీగడ కట్టింది.

"ఆయన వద్దనుకున్నాడని ఇన్ని నెలలు ఏడిసినాను మావయ్యా. అదే నయం. కోపంతో ఉన్న నాన్నకి నా కబురు అందిందని ఒకటుండేది. ఇప్పుడు..." మాట ఆపేసింది. "మీరు రాకుండా ఉండాల్సింది."

నాకు అప్పుడు తెలిసింది. కార్డు ఇవ్వాలని వచ్చాననుకున్నాను. నిజానికి నా బరువు దింపుకోవడానికి వచ్చి, ఆమె దగ్గర మిగిలి ఉన్న ఆ ఒక్కటీ కూడా తీసేశాను. అలవాటు కొద్దీ, వేరే ఏం చేయాలో తెలియక, "ప్రార్థన చేసుకుందామా అమ్మా" అన్నాను.

"వద్దు మావయ్యా."

లేచాను. మోకాళ్ళు పట్టేసి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆమె చూసింది. నర్సు కదా. వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. మెట్లు దింపి, వీధి చివర దాకా నా నడకకి తగ్గట్టు మెల్లగా నడిపించింది. నేను వదిలించుకోలేకపోయాను, పట్టుకోనూ లేకపోయాను. ఆటో ఆపి, "అంకుల్ కో స్టేషన్ ఛోడ్ దేనా భయ్యా, ధీరే చలానా, ఘుట్‌నా ఖరాబ్ హై" అని, మోకాళ్ళు బాగాలేవు, మెల్లగా పోనిమ్మని చెప్పింది. నేను కూర్చున్నాక, నా సంచీ అందించి, చెప్పు జారితే వంగి సరిచేసింది. ఆటో కదిలింది.